చేపకూ ఓ బారసాల!

పెద్దముడియం దిక్కు మనకు సముద్రంతో చుట్టరికం లేదు. కుందూ చేపలో, చెరువు చేపలో అయితే గబగబా పేర్లు చెప్పేస్తాం. సముద్రపు చేప కనబడితే మాత్రం ‘ఏదో ఒక చేపలే’ అనేస్తాం. కానీ ప్రపంచమంతా శాస్త్రజ్ఞులు పలికే ఓ సముద్రపు చేప పేరు మన తెలుగు మాటేనని మీకు తెలుసా?

స్కాట్లండ్‌కు చెందిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1780లలో విశాఖపట్నంలో ఉన్నారు. మనల్ని పొలాల్లో హడలగొట్టే రక్తపింజరికి ఇంగ్లీషులో ఉన్నది ఆయన పేరే. విశాఖ తీరానికొచ్చిన చేపలకు ఆయన బొమ్మలు వేయించి, లక్షణాలు రాసుకున్నారు. చాలావాటికి అక్కడి జనం పిలిచే పేర్లే ఉంచారు. రెండువందల చేపలతో ఆ పుస్తకం 1803లో లండన్‌లో అచ్చయింది. అందులో ఒకటి ‘కనగుర్త’. కోస్తాలో కానగడతలని అమ్మేది దీన్నే.

పిల్లలకు బారసాల చేసినట్టే జీవులకు పేరు పెట్టడానికీ ఓ పద్ధతుంది. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఏర్పరచిన ఈ పద్ధతిలో ప్రతి జీవికీ రెండు మాటలు. మొదటిది ఇంటిపేరు లాంటిది, రెండోది సొంత పేరు. రస్సెల్ అలాంటి పేరు పెట్టలేదు. ఆయన పుస్తకం ఆధారంగా 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే ఆ పని చేశారు. సొంత పేరుగా తెలుగు మాటనే ఉంచారు. తర్వాత ఇంటిపేరు మారి, ఇప్పుడది ‘రాస్ట్రెలిజర్ కనగుర్త’ అయింది.

ఆ పేరుతో పిలిచింది మనవాళ్లు, బొమ్మ వేయించింది రస్సెల్. పేరు పక్కన గ్రంథాల్లో ఉండేది మాత్రం కువియే! పద్ధతి ప్రకారం రాసి అచ్చు వేసినవాళ్లకే ఆ గౌరవం మరి.

కొత్త చేప దొరికిందంటే చాలదు. రెక్కల్లో ముళ్లెన్ని, పొలుసులెన్ని, మొప్పల లోపలి దువ్వెనకు పళ్లెన్ని అని లెక్కపెట్టాలి. దానిలాంటి చేపలతో పోల్చి తేడా చూపాలి. ఇప్పుడు డీఎన్ఏ పరీక్ష కూడా చేస్తున్నారు. ఒక చేపను సాక్ష్యంగా మ్యూజియంలో భద్రపరచాలి.

అన్నింటికన్నా ముందు కావాల్సింది చూసే కన్ను. 1938 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్ రేవులో అదే జరిగింది. మార్జరీ కోర్ట్నీ లాటిమర్ అక్కడి మ్యూజియంలో పనిచేసేవారు. చేపల కుప్పలో ఓ నీలి రెక్క ఆమె కంటబడింది. ఆ పెద్ద చేపను టాక్సీలో మ్యూజియానికి చేర్చారు. ఇందులో వింతేమీ లేదని పైవారు కొట్టిపారేసినా ఆమె వదల్లేదు. బొమ్మ గీసి ప్రొఫెసర్ జె.ఎల్.బి. స్మిత్‌కు పంపారు. చూస్తే ఏముంది, రాక్షసబల్లుల కాలంలోనే అంతరించిందనుకున్న సీలకాంత్ అది! 1939లో స్మిత్ దానికి ‘లాటిమేరియా’ అని ఆమె పేరే పెట్టారు.

మన తీరంలోనూ చేపలు ఏరేది, ఎండబెట్టేది, బుట్టకెత్తి అమ్మేది ఎక్కువగా ఆడవాళ్లే. ‘ఇట్లాంటిది ఎప్పుడూ చూళ్లేదే’ అని వాళ్లలో ఒకరంటే, ఆ మాటను రాసుకునేవాళ్లు పక్కన ఉండాలి. రాసుకునేటప్పుడు ఆమె పేరూ రాయాలి.

ఈసారి ఇంటికి కానగడత వస్తే కోసే ముందు నోరు తెరిచి చూడండి. ఈకల్లా పొడవాటి మొప్పల దువ్వెనలు కనిపిస్తాయి. పక్క రెక్క దగ్గర ఓ నల్లమచ్చ ఉంటుంది. మీ అమ్మాయిని పిలిచి చూపించండి. చేపల శాస్త్రంలో మొదటి పాఠం అదే!