పిడికిలికి నియమం

ముష్టియుద్ధం ఎంత ప్రాచీనమైనదైనా, నేడు బాక్సింగ్ అని పిలుస్తున్న క్రీడ రూపుదిద్దుకున్నది 18, 19 శతాబ్దాల ఇంగ్లండులోనే. క్రీ.పూ. 688లో గ్రీకులు దీనిని ఒలింపిక్ క్రీడల్లో చేర్చినా, చేతులకు తోలు పట్టీలు చుట్టుకొని తలపడిన ఆ యోధులకు రౌండ్లు గాని, బరువును బట్టి విభాగాలు గాని లేవు.

లండన్‌లో పందెం సొమ్ముకోసం వట్టి పిడికిళ్లతో సాగిన పోటీలకు 1743లో జాక్ బ్రాటన్ లిఖిత నియమాలు ఏర్పరిచాడు. పడినవాణ్ణి కొట్టకూడదు, నడుముకు దిగువ పట్టుకోకూడదు, పడినవాడు అర నిమిషంలో లేచి బరి మధ్య గీత వద్ద నిలవలేకపోతే ఓడినట్లే. తనతో తలపడిన జార్జ్ స్టీవెన్సన్ దెబ్బలవల్ల మరణించడమే బ్రాటన్‌ను ఇందుకు పురికొల్పిందని ప్రతీతి. ఎవరైనా పడిపోతేనే రౌండు ముగిసే ఆ పద్ధతి ఎంత దారుణమైనదో 1889లో మిసిసిపీ ఎండలో జాన్ సల్లివన్, జేక్ కిల్‌రైన్ 75 రౌండ్లు పోరాడిన తీరే చెబుతుంది.

అప్పటికే, 1867లో, జాన్ గ్రాహం చేంబర్స్ రచించిన మరో నియమావళి క్వీన్స్‌బెరీ ప్రభువు పేరుమీద వెలువడింది. మూడు నిమిషాల రౌండు, నిమిషం విరామం, పడినవాడు లేవడానికి పది సెకన్ల గడువు, కుస్తీ పట్లపై నిషేధం, చేతులకు గ్లవ్స్, అంటే మెత్త నింపిన తొడుగులు, అందులోని ముఖ్యాంశాలు. ఈ పద్ధతిలోనే 1892లో జేమ్స్ కార్బెట్ 21వ రౌండులో సల్లివన్‌ను పడగొట్టడంతో వట్టి పిడికిళ్ల కాలం దాదాపు ముగిసింది.

అయితే గ్లవ్స్ ప్రధానంగా కాపాడింది కొట్టేవాని చేతినే. పుర్రె గట్టిది, వేళ్ల ఎముకలు పెళుసైనవి కనుక వట్టి పిడికిలితో తలపై బలంగా గుద్దడానికి జంకేవారు. తొడుగు వచ్చాక ఆ జంకు తగ్గి, మెత్త ఎంత ఉన్నా దెబ్బ ధాటికి తల విసురుగా తిరిగి, లోపల మెదడు అదిరే ప్రమాదం మిగిలింది. 1982లో లాస్‌వెగాస్‌లో కొరియా యోధుడు కిమ్ డుక్-కూ 14వ రౌండులో కూలి, కొద్ది రోజులకే మరణించాక గాని ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్ టైటిల్ పోరును 15 రౌండ్లనుంచి 12కు తగ్గించలేదు. ఆ తగ్గింపు ఎన్నడో జరగవలసింది.

ఒలింపిక్ తరహా బాక్సింగ్ మూడు రౌండ్లకే పరిమితం. 1904లో ఒలింపిక్స్‌లో చేరిన ఈ క్రీడలో మహిళలకు 2012లో గాని చోటు దక్కలేదు. పదేళ్లకు, 2022లో, ఇస్తాంబుల్‌లో నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేతగా నిలిచింది.