తలకు ధరించే తెర: తక్కువ ఖర్చులో సరైన ఎంపిక

నడుముకో భుజానికో తగిలించుకొని, నడుస్తున్నప్పుడూ పనిలో ఉన్నప్పుడూ వాడుకోగల చిన్న యంత్రాన్ని ధరించే కంప్యూటర్ అంటారు. చేతులు ఖాళీగా ఉండాలన్నదే దాని ప్రధానోద్దేశం కనుక, దాని తెర కూడా చేతిలో గాక కంటి ముందు, కళ్లజోడు మాదిరిగా అమరాలి. అటువంటి తెరకే హెడ్ మౌంటెడ్ డిస్‌ప్లే అని పేరు. అమెరికాలో కంప్యూటర్ శాస్త్రవేత్త ఐవాన్ సదర్లాండ్ 1968లో ప్రదర్శించిన తొలి నమూనా పైకప్పుకు బిగించిన యాంత్రిక చట్రంతో ముడిపడి ఉండేది గనుక, దానిని ధరించి బయట తిరగడం సాధ్యం కాదు. ఆ కొరతను తీర్చినది 1989లో రిఫ్లెక్షన్ టెక్నాలజీ సంస్థ తెచ్చిన ‘ప్రైవేట్ ఐ’. ఒకే వరుసలో పేర్చిన ఎర్రని ఎల్ఈడీ దీపాలను వేగంగా కంపించే అద్దంలో ప్రతిఫలింపజేసి, అడ్డంగా 720, నిలువుగా 280 చుక్కలున్న బొమ్మను ఒక్క కంటికి చూపించే ఈ పరికరాన్ని డగ్ ప్లాట్, థాడ్ స్టార్నర్ వంటివారు తాము సొంతంగా కూర్చుకున్న కంప్యూటర్లకు తగిలించుకున్నారు. స్టార్నర్ 1993 నుంచి దానిని నిత్యజీవితంలోనే ధరించాడు. ఎరుపు తప్ప మరో రంగు లేని ఆ చిన్న బొమ్మ వారికి అంతగా ఉపయోగపడటానికి కారణం, అందులో అక్షరాలు చదవడానికి వీలుగా కనిపించడమే.

ఈనాడు పరిమితమైన డబ్బుతో ఎంచుకునేవారు కూడా మొదట పరిశీలించవలసింది ఈ అక్షర స్పష్టతనే, అయితే ప్రకటనలు మాత్రం బొమ్మ ఎంత పెద్దదో చెబుతాయి. కంటి ముందు బొమ్మ ఆక్రమించే కోణాన్ని దృష్టిక్షేత్రం అనీ, బొమ్మను కూర్చే చుక్కలను పిక్సెళ్లు అనీ అంటారు. ఒక్కో డిగ్రీ కోణంలో ఎన్ని పిక్సెళ్లు పడతాయన్నదే స్పష్టతకు అసలు కొలత. ఆరోగ్యవంతమైన కన్ను డిగ్రీకి సుమారు 60 పిక్సెళ్ల వరకు విడివిడిగా గుర్తించగలదు. 2013లో ఆటలకు ఉద్దేశించి వచ్చిన తొలి ఓకులస్ రిఫ్ట్ హెడ్‌సెట్ నమూనాలో ఒక్కో కంటికి దక్కిన 640 పిక్సెళ్లు దాదాపు 90 డిగ్రీల మేర పరుచుకోవడంతో డిగ్రీకి ఏడే మిగిలాయి. ఆటలోని లోకానికి అవి చాలవచ్చు గాని, ఒక ఉత్తరం చదవడానికి చాలవు. 2022 నాటి ఎక్స్‌రియల్ ఎయిర్ కళ్లజోడులో 1920 పిక్సెళ్లు సుమారు 40 డిగ్రీల వెడల్పులోనే ఇముడుతాయి కనుక డిగ్రీకి 48 లభిస్తాయి. నాలుగు మీటర్ల దూరాన 130 అంగుళాల తెర అని ఇటువంటి కళ్లజోళ్ల గురించి చెప్పే మాట అబద్ధం కాదు, కానీ 80 సెంటీమీటర్ల దూరంలో ఉన్న 27 అంగుళాల మానిటర్ కూడా కంటికి దాదాపు అంతే కోణంలో కనిపిస్తుంది. తెలుగు చదువరులకు ఈ లెక్క మరింత ముఖ్యం: తలకట్టు, గుడి, కింద చేరే ఒత్తు అన్నీ ఒకే పంక్తిలో ఇమడాలి గనుక, ఇంగ్లీషు అక్షరాలు చక్కగా కనిపించే తెర మీద కూడా తెలుగు అలుక్కుపోవచ్చు.

రెండు కళ్లకూ బొమ్మ చూపే చవకైన కళ్లజోళ్లలో చాలావరకు బర్డ్‌బాత్ అనే అమరికను వాడతాయి. ఇందులో సగం కాంతిని మాత్రమే ప్రతిఫలించే ఏటవాలు అద్దం, ఒక పుటాకార దర్పణం కలిసి చిన్న తెరను కంటికి పెద్దదిగా చూపుతాయి. బొమ్మ బాగుంటుంది, అయితే బయటి దృశ్యం నల్లకళ్లద్దాలలోంచి చూసినట్లు మసకబారుతుంది కనుక, కూర్చుని పనిచేసేవారికే ఇవి తగినవి. పలుచని గాజులోపలే కాంతిని నడిపించే వేవ్‌గైడ్ అమరికలో బయటి ప్రపంచం తేటగా కనిపిస్తుంది గాని, దాని తయారీ ఖరీదైనది. నడుస్తూ వాడదలచినవారికి ఒక్క కంటి మూలన బొమ్మ చూపే పరికరమే మేలు. వాహనాలు తిరిగే వీధిలో రెండు కళ్ల ముందూ బొమ్మ పెట్టుకోవడం ప్రాణాపాయం.

అమరిక ఏదైనా, అది ధరించేవారి కళ్లకు కుదరాలి. కంటిపాపల మధ్య దూరం పెద్దలలో సగటున 63 మిల్లీమీటర్లు. ఈ సగటుకు చాలా తేడా ఉన్నవారికి బొమ్మ అంచులు మసకగా కనిపిస్తాయి. కళ్లజోడు వాడేవారు తమ పవరుకు తగిన అద్దాలు లోపల అమర్చుకునే వీలుందో లేదో చూసి, ఆ ఖర్చును కూడా ధరలో కలుపుకోవాలి.

తీగతో పనిచేసే కళ్లజోళ్లు బొమ్మనూ విద్యుత్తునూ యుఎస్‌బి-సి ద్వారానే తీసుకుంటాయి, కానీ తక్కువ ధర ఫోన్లలో ఆ రంధ్రం చాలాసార్లు ఛార్జింగుకూ ఫైళ్ల బదిలీకీ మాత్రమే పరిమితం. రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటర్ హెచ్‌డిఎంఐ ద్వారా బొమ్మను పంపుతుంది గనుక, కళ్లజోడుకు విద్యుత్తును కూడా అందించే మార్పిడి పరికరం విడిగా కొనాలి. పాత సరుకు కొనేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: 2013లో 1500 డాలర్లకు అమ్మిన గూగుల్ గ్లాస్ వంటి, తయారీదారు సాఫ్ట్‌వేర్‌తో ముడిపడిన పరికరాల కంటే, ఏ కంప్యూటర్‌కైనా మామూలు మానిటర్‌లా తగిలించుకోగల తెర ఎక్కువ కాలం పనికివస్తుంది.