పొగకు కిటికీ, క్రిమికి వెలుగు



విత్తనాలను గురించి, ఎరువులను గురించి మనం తరచు చెప్పుకొంటూనే ఉన్నాము. నేడు ఇంటిలోపల మనం పీల్చే గాలిని గురించి చెప్పుకొందాము. గోదావరిఖని చుట్టుపట్ల పల్లెలలో ఉండే మనకు గాలి చెడిందనగానే బయట బొగ్గులారీలు లేపే దుమ్మే జ్ఞాపకం వస్తుంది. ఆ దుమ్ముకు వెరచి తలుపులు, కిటికీలు మూసుకొంటాము. మూసిన ఇంటిలో ఏమి మిగిలిపోతున్నదో ఆలోచించము.

చలికాలంలో రైతువేదిక దగ్గర ఒక రైతు నన్ను పక్కకు పిలిచినాడు. "సారూ, మా బాపుకు నెల దినాల సంది దగ్గు తగ్గుతలేదు. బాయిపనిల రిటైరైండు. నీలం లైటు పెడితే గాలిలున్న పురుగులన్నీ చస్తయని ఒకాయన చెప్పిండు. పత్తి అమ్మిన పైసలున్నయి, కొనమంటరా?" అని అడిగినాడు. ముందు ఇల్లు చూపించుమన్నాను.

వంటకు, పడకకు ఒకటే గది. మూల పొయ్యి, పక్కన పత్తికట్టె మోపు. దుమ్ము రాకుండా కిటికీకి గోనెసంచి కట్టినారు. వాసాలకు మసి పట్టింది. రాత్రి చలికి పెట్టే బొగ్గుల కుంపటి ముసలాయన మంచం కిందనే ఉన్నది. ఆ ఇంటిలో శత్రువులు ఇద్దరు. ఒకటి పొగ, రెండవది క్రిమి. ఎంత మంచి దీపమైనా రెండవదాని మీదనే పనిచేస్తుంది. పొగను ఏమీ చేయలేదు.

మొదట పొగ సంగతి చూద్దాము. కట్టె, పిడక, బొగ్గు సరిగా కాలనప్పుడు కంటికి కనిపించనంత సన్నని నుసి గాలిలో లేస్తుంది. అది ముక్కులో ఆగక ఊపిరితిత్తుల లోతుకు పోతుంది. ఇండ్లలోని ఇటువంటి పొగ వలన 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయినారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వీరిలో అయిదేండ్ల లోపు పిల్లలే 2 లక్షల 37 వేలకు పైగా ఉన్నారు. పొయ్యి ముందు కూర్చుని ఊదేది తల్లి. ఆమె చంకలో ఉండేది పిల్ల. నష్టమెవరికో వేరే చెప్పనక్కరలేదు.

పొగ లేదు, నిప్పులే ఉన్నాయి కదా అని కుంపటిని నమ్మకూడదు. మూసిన గదిలో నిప్పుల నుండి కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువు ఉండవలసిన చోటును అది ఆక్రమిస్తుంది. తలనొప్పి, కండ్లు తిరగడం, వాంతి దీని గుర్తులు. నిద్రలో ఉన్నవాడికి ఆ గుర్తులు కూడా తెలియవు, అట్లే ప్రాణం పోతుంది. ఎవరైనా ఇట్లా పడిపోతే వెంటనే తలుపులన్నీ తెరిచి, మనిషిని బయటి గాలికి చేర్చి, 108కి ఫోను చేయవలెను.

బాయిలో దిగిన వారికి ఇది కొత్త సంగతి కాదు. గనిలోనికి మంచిగాలి వచ్చే దారి వేరు, చెడుగాలి పోయే దారి వేరు. పెద్ద పంకా ఆ గాలిని నడిపిస్తుంది. మనుషులు పనిచేసే చోట ప్రాణవాయువు నూటికి 19 పాళ్ళకు తగ్గకూడదని, బొగ్గుపులుసు వాయువు అరపాలు మించకూడదని బొగ్గుగనుల నిబంధనలు చెప్తున్నవి. ఇంటికీ ఇదే సూత్రం. ఒక కిటికీ చాలదు. గాలి వచ్చేందుకు ఒకటి, పోయేందుకు దాని ఎదురుగా మరొకటి కావలె.

ఇక క్రిమి మాట. క్షయరోగి దగ్గినప్పుడు క్రిములు సన్నని తుంపరలతో బయటపడి, మూసిన గదిలో గంటల తరబడి గాలిలో తేలుతుంటాయి. ఎండకు క్రిములను చంపే గుణమున్నదని 1877లోనే ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు చూపినారు. వెలుగుతో చర్మపు క్షయకు చికిత్స చేసిన ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమానం వచ్చింది. కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు క్రిమిలోని జీవపదార్థాన్ని దెబ్బతీస్తాయి, అది మళ్ళీ పెరగలేదు. దీపాలలో వాడే బలమైన కిరణాలు ఎండలో మనదాకా రావు, పైన ఓజోను పొర ఆపేస్తుంది. అందుకే 254 నానోమీటర్ల కిరణాలిచ్చే పాదరస దీపాలు తయారుచేసినారు. 1950ల చివర అమెరికాలోని బాల్టిమోరులో క్షయరోగుల వార్డు గాలిని సీమపందుల గదికి పంపి చూసినారు. ఊరికే పంపిన గాలితో వాటికి రోగం అంటుకొన్నది. ఈ కిరణాలు సోకిన గాలితో అంటలేదు. కనుక దీపం మాట అబద్ధం కాదు.

అయితే దానికి షరతులున్నవి. ఆసుపత్రులలో దీన్ని సుమారు 7 అడుగులకు పైన, వెలుగు కప్పువైపే పోయేటట్లు అమర్చుతారు. కింది గాలి పైకి చేరడానికి పంకా ఉండవలె. కిరణం కంట్లో పడితే కొన్ని గంటలకు ఇసుక పోసినట్లు మంట పుడుతుంది, చర్మం కమిలిపోతుంది. నీడపడిన చోట క్రిమి చావదు. గొట్టంపై దుమ్ము పేరుకొంటే కిరణం బయటికి రాదు. 2020లో హైదరాబాదులోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ వారు ఫోన్లు, కాగితాలు శుద్ధి చేయడానికి ఇటువంటి కిరణాలతో ఒక పెట్టె తయారుచేసినారు. మూసిన పెట్టెలో వెలుగును వాడడం వేరు, మనుషులు పండుకొనే గదిలో వాడడం వేరు. నీలంగా వెలిగినదల్లా క్రిమిసంహారి కాదు. కొన్ని దీపాలు ఓజోను వాయువును కూడా పుట్టించి దగ్గును పెంచుతాయి.

కాబట్టి మన ఇండ్లలో చేయదగిన పనులు ఇవి:

1. వంట గ్యాసు మీదనే చేసుకోండి. కట్టె తప్పనిసరైతే పొయ్యిని వసారాలోనికి మార్చండి, లేదా కప్పు దాటే పొగగొట్టం పెట్టండి.

2. కుంపటిని పడకగదిలో ఉంచవద్దు.

3. దుమ్ము తక్కువగా ఉండే వేళ, రోడ్డుకు అవతలి వైపు కిటికీలు తెరవండి. లోపలి దుమ్మును ఊడ్చక తడిగుడ్డతో తుడవండి.

4. బొంతలు, దుప్పట్లు ఎండలో వేయండి. అద్దం గుండా వచ్చే ఎండకు ఆ బలం లేదు.

5. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించండి. రాతిదుమ్ములో పనిచేసిన వారికి క్షయ భయం హెచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష, మందులు ఉచితం. మందు సరిగా వాడే రోగి ఇంట్లోనే ఉండి నయం చేసుకోవచ్చునని 1959లోనే మద్రాసు పరిశోధన తేల్చింది.

ఆ రైతు దీపం కొనలేదు. గోనెసంచి విప్పి, ఎదురుగోడకు మరో కిటికీ పెట్టించినాడు. పొయ్యి వసారాకు పోయింది. ముసలాయనకు క్షయ అని పరీక్షలో తేలింది. ఆరు నెలల మందులు మొదలుపెట్టినారు. నేను మళ్ళీ పోయినప్పుడు ఆయన వేపచెట్టు కింద మంచం మీద కూర్చున్నాడు. "గాలి సూడకుండ ఒక్కనాడు బాయిల దిగలే సారూ. ఇంట్ల మాత్రం కిటికీకి సంచి కట్టుకొని పన్నం" అన్నాడు.

ఈ రాత్రి పండుకొనే ముందు మీ ఇంటి కిటికీని ఒక్కసారి చూడండి. సెలవు.