వాల్టర్ క్రాంకైట్

వాల్టర్ లీలాండ్ క్రాంకైట్ జూనియర్ (నవంబర్ 4, 1916 - జూలై 17, 2009) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ప్రముఖ పాత్రికేయుడు, టెలివిజన్ వార్తా ప్రయోక్త. 1962 నుండి 1981 వరకు సి.బి.ఎస్. టెలివిజన్ సంస్థ సాయంకాల వార్తలకు యాంకరుగా పనిచేశాడు. కెనెడీ హత్య, వియత్నాం యుద్ధం, చంద్రునిపై మానవుని తొలి అడుగు, వాటర్‌గేట్ కుంభకోణం వంటి సంఘటనలను కోట్లాది అమెరికన్లు ఈయన నోటి వెంటనే విన్నారు. "అమెరికాలో అత్యంత విశ్వసనీయుడైన వ్యక్తి" అని పేరు పొందాడు. టెలివిజన్‌కు రాకముందు ఆయన పదేళ్ళకు పైగా వార్తాసంస్థ విలేఖరి. వార్తను నిర్ధారించుకున్న తరువాతనే చెప్పాలన్న ఆ వృత్తి నియమమే తరువాతి కాలంలో ఆయన విశ్వసనీయతకు ఆధారమయింది.

బాల్యం, విద్యాభ్యాసం

క్రాంకైట్ మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ జోసెఫ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి దంతవైద్యుడు. బాల్యం కాన్సస్ సిటీలోనూ, తరువాత టెక్సస్ రాష్ట్రంలోని హ్యూస్టన్‌లోనూ గడిచింది. ఉన్నత పాఠశాలలో ఉండగానే విద్యార్థి పత్రికకు పనిచేశాడు. 1933లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో చేరాడు గాని, పత్రికా రచన మీది ఆసక్తితో 1935లో పట్టా పూర్తిచేయకుండానే చదువు మానివేశాడు.

తొలి ఉద్యోగాలు

1936లో కాన్సస్ సిటీలోని ఒక రేడియో కేంద్రంలో వాల్టర్ విల్కాక్స్ అనే పేరుతో వార్తలు చదివాడు. అక్కడ జరిగిన ఒక సంఘటనను ఆయన తన ఆత్మకథలో వివరించాడు. నగరంలో అగ్నిప్రమాదం జరిగి కొందరు మరణించారని, ఆ వార్తను వెంటనే ప్రసారం చేయమని పై అధికారి ఆదేశించాడు. క్రాంకైట్ అందుకు అంగీకరించక, ముందు అగ్నిమాపక శాఖకు ఫోను చేసి విచారించాడు. అది చిన్న ప్రమాదమని, ఎవరూ మరణించలేదని తేలింది. ఈ వివాదం ఫలితంగా ఆయన ఉద్యోగం పోయింది. అదే కేంద్రంలో పరిచయమైన బెట్సీ మాక్స్‌వెల్‌ను 1940లో వివాహం చేసుకున్నాడు. వారికి ముగ్గురు సంతానం.

1937లో యునైటెడ్ ప్రెస్ వార్తాసంస్థలో చేరాడు. ఆ సంవత్సరం మార్చి 18న టెక్సస్‌లోని న్యూ లండన్ అనే ఊరిలో సహజవాయువు పేలి పాఠశాల భవనం కూలిపోగా సుమారు 300 మంది మరణించారు. వారిలో అత్యధికులు పిల్లలు. ఈ దుర్ఘటన వార్తలను పంపిన విలేఖరులలో క్రాంకైట్ ఒకడు. తరువాత ఎన్ని యుద్ధాలు చూసినా, అంతటి దుఃఖాన్ని వర్ణించడానికి తనకు ఏ చదువూ, అనుభవమూ తోడ్పడలేదని ఆయన చెప్పేవాడు.

యుద్ధ విలేఖరి

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఉత్తర ఆఫ్రికా నుండి, ఐరోపా నుండి వార్తలు పంపాడు. 1943 ఫిబ్రవరి 26న జర్మనీలోని విల్‌హెల్మ్స్‌హేవెన్‌పై బాంబుదాడికి వెళ్ళిన అమెరికా విమానాలలో కొందరు విలేఖరులు కూడా ప్రయాణించారు. క్రాంకైట్ క్షేమంగా తిరిగివచ్చాడు. న్యూయార్క్ టైమ్స్ విలేఖరి రాబర్ట్ పోస్ట్ ఎక్కిన విమానం కూలిపోయి ఆయన మరణించాడు. 1944 సెప్టెంబరులో నెదర్లాండ్స్‌లో జరిగిన దాడి సమయంలో క్రాంకైట్ సైనికులతో పాటు గ్లైడరులో శత్రుభూభాగంలో దిగాడు. యుద్ధానంతరం న్యూరెంబర్గ్ విచారణలపై వార్తలు వ్రాశాడు. 1946 నుండి 1948 వరకు మాస్కో కార్యాలయానికి అధిపతిగా ఉన్నాడు.

1943లోనే ప్రసిద్ధ రేడియో విలేఖరి ఎడ్వర్డ్ మరో ఆయనను సి.బి.ఎస్.కు ఆహ్వానించాడు. కాని వార్తాసంస్థ పనిని వదులుకోవడం ఇష్టంలేక క్రాంకైట్ ఆ ఆహ్వానాన్ని నిరాకరించాడు.

టెలివిజన్‌లో ప్రవేశం

1950లో సి.బి.ఎస్.లో చేరి వాషింగ్టన్ కేంద్రంలో టెలివిజన్ వార్తలు చెప్పడం మొదలుపెట్టాడు. 1952లో రిపబ్లికన్, డెమొక్రాటిక్ పార్టీల జాతీయ సమావేశాలు రెండూ చికాగోలో జరిగాయి. అనేకచోట్ల నిలబడిన విలేఖరులు ఒక్కొక్కరుగా చెప్పే సమాచారాన్ని ఒకచోట కూర్చుని అనుసంధానించే బాధ్యతను క్రాంకైట్‌కు అప్పగించారు.

ఆంగ్లంలో "యాంకర్" అంటే లంగరు. రిలే పరుగుపందెంలో చివరి అంచె పరుగెత్తే బలమైన ఆటగాడిని కూడా ఆ పేరుతో పిలుస్తారు. టెలివిజన్‌లో ఈ మాట అంతకు ముందే అరుదుగా వినిపించినా, వార్తాప్రసార అర్థంలో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది మాత్రం 1952 సమావేశాలతోనే. తెలుగు టెలివిజన్ రంగంలో కూడా ఈ మాట స్థిరపడింది. అయితే తెలుగులో వినోద కార్యక్రమాలు నిర్వహించేవారిని కూడా యాంకర్లనే అంటారు.

తరువాతి దశాబ్దంలో చారిత్రక సంఘటనలను వార్తల రూపంలో చూపే "యూ ఆర్ దేర్" (1953-57), "ది ట్వెంటియెత్ సెంచురీ" (1957-66) వంటి కార్యక్రమాలను నిర్వహించాడు.

సాయంకాల వార్తలు

1962 ఏప్రిల్ 16న డగ్లస్ ఎడ్వర్డ్స్ స్థానంలో సాయంకాల వార్తల బాధ్యత స్వీకరించాడు. అప్పటికి ఆ కార్యక్రమం నిడివి 15 నిమిషాలు. 1963 సెప్టెంబర్ 2న దానిని అరగంటకు పెంచారు. ఆనాటి ప్రసారంలో అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెనెడీతో క్రాంకైట్ జరిపిన సంభాషణ చోటుచేసుకుంది. ఆయన వార్తలు చదివే బాధ్యతతో తృప్తిపడక మేనేజింగ్ ఎడిటర్ హోదాను కోరి తీసుకున్నాడు. అందువలన ఏ వార్త ప్రసారం చేయాలి, దేనికి ఎంత సమయం ఇవ్వాలి అనే నిర్ణయాలలో ఆయనకు అధికారం ఉండేది. మొదట్లో ఎన్.బి.సి. సంస్థకు చెందిన హంట్లీ, బ్రింక్లీ జంట వార్తలకే ప్రేక్షకులు ఎక్కువ. 1960ల చివరికి క్రాంకైట్ ప్రథమ స్థానానికి చేరాడు.

కెనెడీ హత్య

1963 నవంబర్ 22న డల్లాస్‌లో కెనెడీపై కాల్పులు జరిగిన వార్తను సి.బి.ఎస్. టెలివిజన్‌లో మొదట చెప్పింది క్రాంకైట్. ఆ కాలపు కెమెరాలు వేడెక్కి పనిచేయడానికి కొంత సమయం పట్టేది. అందువలన తొలి ప్రకటనలో ఆయన కంఠం మాత్రమే వినిపించింది. కొంతసేపటికి అధ్యక్షుడు మరణించాడని డల్లాస్ నుండి సమాచారం రాసాగింది. తమ విలేఖరి డాన్ రాదర్ కూడా అదే చెప్పాడు. క్రాంకైట్ ఆ సంగతి ప్రేక్షకులకు తెలియజేస్తూనే, అది అధికారిక ప్రకటన కాదని స్పష్టం చేస్తూ వచ్చాడు. న్యూయార్క్ సమయం ప్రకారం మధ్యాహ్నం 2:38కి వార్తాసంస్థ కాగితం చేతికి అందిన తరువాతనే మరణవార్తను ప్రకటించాడు. కళ్ళజోడు తీసి, గోడగడియారం వైపు చూసి, గొంతు సవరించుకుని మళ్ళీ చెప్పసాగాడు. ఆ కొన్ని క్షణాల దృశ్యం అమెరికా టెలివిజన్ చరిత్రలో చిరస్మరణీయంగా మిగిలింది.

వియత్నాం నివేదిక

1965లో వియత్నాంలో పర్యటించినప్పుడు క్రాంకైట్ అమెరికా విధానానికి వ్యతిరేకి కాడు. 1968 జనవరి చివర మొదలైన టెట్ దాడుల తరువాత మళ్ళీ అక్కడికి వెళ్ళి సైగాన్, హ్యూ నగరాలను చూశాడు. ఫిబ్రవరి 27న ప్రసారమైన ప్రత్యేక కార్యక్రమం చివర, ఇకపై చెప్పేది తన వ్యక్తిగత అభిప్రాయమని ముందే హెచ్చరించి, యుద్ధం ప్రతిష్టంభనలో చిక్కుకుందని, సంప్రదింపులే మార్గమని చెప్పాడు.

"క్రాంకైట్‌ను కోల్పోతే మధ్యతరగతి అమెరికాను కోల్పోయినట్లే" అని అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఆ కార్యక్రమం చూస్తూ అన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కాని ఆ రాత్రి జాన్సన్ ఆస్టిన్‌లో టెక్సస్ గవర్నర్ జాన్ కానలీ పుట్టినరోజు వేడుకలో ఉన్నాడు. ప్రసారాన్ని ఆయన అప్పుడు చూసినట్లు ఆధారం లేదని మీడియా చరిత్రకారుడు డబ్ల్యు. జోసెఫ్ క్యాంప్‌బెల్ నిరూపించాడు. పైగా ప్రజాభిప్రాయం అప్పటికే మారుతూ ఉంది. 1967 అక్టోబరు నాటి గ్యాలప్ సర్వేలో 47 శాతం మంది వియత్నాంకు సేనలను పంపడం పొరపాటని చెప్పగా, కాదన్నవారు 44 శాతం. వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక కూడా క్రాంకైట్ కంటే నాలుగు రోజుల ముందే నిరాశాపూరితమైన సంపాదకీయం వ్రాసింది. మార్చి 31న జాన్సన్ తాను తిరిగి పోటీచేయబోనని ప్రకటించాడు. దానికి కారణాలు అనేకం. కనుక ఒక యాంకర్ యుద్ధగతిని మార్చాడనడం కంటే, సొంత అభిప్రాయం చెప్పడం అలవాటు లేని వ్యక్తి ఒకసారి చెప్పినందువలన ఆ మాటకు విలువ పెరిగిందనడం సమంజసం.

అంతరిక్ష యాత్రలు

అంతరిక్ష ప్రయోగాలంటే క్రాంకైట్‌కు అమితమైన ఆసక్తి. 1967 నవంబరులో సాటర్న్ 5 రాకెట్ తొలి ప్రయోగానికి సి.బి.ఎస్. తాత్కాలిక గది అదిరిపోగా, కిటికీ అద్దాన్ని చేతులతో పట్టుకుని వ్యాఖ్యానం కొనసాగించాడు. 1969 జూలై 20న అపోలో 11 చంద్రునిపై దిగినప్పుడు మాత్రం ఆయనకు నోట మాట రాలేదు.

వాటర్‌గేట్, ఈజిప్టు-ఇజ్రాయెల్ సంభాషణలు

వాటర్‌గేట్ వ్యవహారాన్ని మొదట వాషింగ్టన్ పోస్ట్ వంటి పత్రికలే పట్టించుకున్నాయి. 1972 అక్టోబర్ 27న, అధ్యక్ష ఎన్నికలకు కొద్దిరోజుల ముందు, క్రాంకైట్ తన వార్తలలో సుమారు 14 నిమిషాలను ఈ విషయానికి కేటాయించాడు. వైట్‌హౌస్ అధికారి చార్లెస్ కోల్సన్ సంస్థ అధిపతి విలియం పేలీకి ఫోను చేసి నిరసన తెలిపాడు. అక్టోబర్ 31న ప్రసారమైన రెండవ భాగాన్ని సుమారు 8 నిమిషాలకు కుదించారు. ఎంతటి పేరున్న యాంకరైనా సంస్థ యాజమాన్యానికి లోబడి పనిచేయవలసినవాడేనని ఈ ఉదంతం తెలుపుతుంది.

1977 నవంబర్ 14న ఉపగ్రహం ద్వారా ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదత్‌తోనూ, ఇజ్రాయెల్ ప్రధాని మెనాకెం బెగిన్‌తోనూ విడివిడిగా మాట్లాడాడు. ఆహ్వానిస్తే జెరూసలేం వస్తానని సాదత్, ఆహ్వానిస్తానని బెగిన్ చెప్పారు. నవంబర్ 19న సాదత్ ఇజ్రాయెల్ చేరుకున్నాడు. అయితే సాదత్ తన సంసిద్ధతను నవంబర్ 9నే ఈజిప్టు పార్లమెంటులో ప్రకటించి ఉన్నాడు.

పదవీ విరమణ, మరణం

1981 జనవరిలో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఆయనకు ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ పురస్కారాన్ని అందజేశాడు. 1981 మార్చి 6న చివరిసారిగా సాయంకాల వార్తలు చెప్పి విరమించాడు. ఆయన స్థానంలో డాన్ రాదర్ నియమితుడయ్యాడు. 1996లో "ఎ రిపోర్టర్స్ లైఫ్" అనే ఆత్మకథను ప్రచురించాడు. భార్య బెట్సీ 2005లో మరణించింది. క్రాంకైట్ 2009 జూలై 17న న్యూయార్క్‌లో తన 92వ ఏట మరణించాడు. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలోని పాత్రికేయ విద్యాలయానికి ఆయన పేరు పెట్టారు.

విశేషాలు

- "సంగతి ఇదీ" అనే అర్థం వచ్చే వాక్యంతో, తేదీ చెప్పి వార్తలు ముగించేవాడు. వ్యాఖ్యానంతో ముగించిన రోజున ఆ వాక్యాన్ని వదిలివేసేవాడు.
- 1980 జనవరి నుండి, ఇరాన్‌లో బందీలైన అమెరికన్లు ఎన్ని రోజులుగా నిర్బంధంలో ఉన్నారో ప్రతిరోజు ముగింపులో చెప్పేవాడు. 444 రోజుల తరువాత వారు విడుదలయ్యారు.
- "అత్యంత విశ్వసనీయుడు" అనే బిరుదుకు మూలం 1972 నాటి ఒక అభిప్రాయ సేకరణ. అందులో క్రాంకైట్‌తో పోల్చినది ప్రధానంగా రాజకీయ నాయకులను, ఇతర పాత్రికేయులను కాదు.
- స్వీడన్‌లో వార్తా ప్రయోక్తలను "క్రాంకైటర్లు" అంటారనే మాట పుస్తకాలలో సైతం కనిపిస్తుంది గాని, అది నిజం కాదని భాషా పరిశోధకులు తేల్చారు.
- అరగంట వార్తల పాఠమంతా అచ్చువేసినా దినపత్రిక మొదటి పేజీ నిండదని, టెలివిజన్ చూసేవారు పత్రికలు కూడా చదవాలని క్రాంకైట్ తరచు చెప్పేవాడు.