రోజుకో రుచి, మనిషికో వంతు

ఖతార్‌లో పనివారం ఆదివారంతో మొదలై గురువారంతో ముగుస్తుంది. అందుకే మా ఇంటి సరుకులకు శుక్రవారం సాయంత్రం ఏషియన్ టౌన్‌కు వెళ్తాం. అంతకుముందే వారం రాత్రి భోజనాలు రాసుకుంటాం.

ఆదివారం పప్పు, ఆవకాయ. సోమవారం జొన్నరొట్టె. మంగళవారం ఉప్మా, దోశల్లాంటి టిఫిన్. బుధవారం పచ్చిపులుసు, వేపుడు. గురువారం పిల్లలు కోరింది. శుక్రవారం కోడికూర. శనివారం మిగిలినవి.

గల్ఫ్‌లో ఒకే గదిలో ఉండే మనవాళ్లు వంటకు వంతులు వేసుకోవడం పాత అలవాటే. కుటుంబాల్లో మాత్రం "ఈ పూట ఏం వండాలి?" అన్న ఆలోచన రోజూ ఇల్లాలిదే. ఆమె కూడా ఉద్యోగం చేస్తుంటే ఆ భారం రెట్టింపు.

మా ఇంట్లో సోమ, బుధవారాలు నావి. చింతపండు పిసకడం పిల్లల పని. పచ్చిపులుసు పేరు, రుచి రెండూ వాళ్లకు అలాగే తెలిశాయి.