కొండమీది కలప ఊరు

అమెరికాలో పశ్చిమ వర్జీనియా రాష్ట్రమున, గ్రీన్‌బ్రయర్ నది ఒడ్డున, కాస్ అను చిన్న ఊరు కలదు. 1901లో ఒక కాగితపు కంపెనీ దీనిని నెలకొల్పెను. పై కొండలలో దట్టముగా పెరిగిన స్ప్రూస్ చెట్లే అందుకు కారణము. వాని కలప కాగితపు గుజ్జునకు మిక్కిలి అనుకూలమైనది.

పంచాయతీ సభ్యులు ఇచ్చట ఒక విషయము గమనింపవలెను. ఇండ్లు, అంగడి, రంపపు మిల్లు, రైలుదారి అన్నియు కంపెనీవే. మిల్లు 11 గంటల చొప్పున దినమునకు రెండు పాళీలు నడిచెడిది.

దుంగలను కొండ దించుట ఎట్లు? కొన్నిచోట్ల నూరడుగులకు 11 అడుగుల ఎత్తు ఎక్కవలెను. అట్టి దారిలో సాధారణమైన ఇంజను చక్రములు జారిపోవును. మిషిగన్‌కు చెందిన ఎఫ్రయిం షే అను కలప వ్యాపారి కల్పించిన ఇంజను ఈ చిక్కు తీర్చెను. దాని పేటెంటు 1881 నాటిది. ఒక ప్రక్కన నిలువుగా అమర్చిన సిలిండర్లు పొడవైన ఇరుసును త్రిప్పగా, పళ్లచక్రముల ద్వారా ఆ బలము ప్రతి చక్రమునకును అందును. వేగము స్వల్పము, పట్టు అధికము. కొండ మరీ నిటారుగా నున్నచోట రైలు ముందుకు పోయి ఆగి, వెనుకకు నడచి పై మెట్టు చేరును.

ఇంకను పైన, 3,800 అడుగులకు మించిన ఎత్తున, స్ప్రూస్ అను పేరుతోనే మరియొక ఊరు వెలసెను. దానికి బండిబాట లేదు. తిండిగింజలు మొదలు ఉత్తరముల వరకు సమస్తమును రైలు తేవలసినదే.

నరికినంత వేగముగా అడవి పెరుగదు గదా! 1942లో కంపెనీ తన ఆస్తిని వేరొక కలప సంస్థకు అమ్మెను. 1960 జూలై 1న మిల్లు మూతపడెను. ఊరివారికి వేరు జీవనాధారము లేదు. పాత ఇనుము కొరకు పట్టాలను సైతము ఊడదీయ నారంభించిరి.

అప్పుడు పెన్సిల్వేనియా వాసి రస్సెల్ బామ్ అను రైలు అభిమాని ముందుకు వచ్చి, స్థానికులను కూడగట్టి, ఈ దారిని కొనవలసినదిగా రాష్ట్రప్రభుత్వమును కోరెను. 1961లో ప్రభుత్వము కొనెను. 1963 నుండి దుంగలకు బదులు యాత్రికులు ఆ బండ్లపై కొండ ఎక్కుచున్నారు. ఊరిలోని ఇండ్లను ప్రభుత్వము తీసికొనుట మాత్రము 1977లో జరిగినది. ఇంజనులకు లభించిన రక్షణ ఇండ్లకు లభించుటకు 16 సంవత్సరములు పట్టినది!

1905లో తయారైన 5వ నంబరు షే ఇంజను నేటికిని కాస్‌లోనే యున్నది. స్ప్రూస్ ఊరిలో పునాదిరాళ్లు మాత్రమే మిగిలినవి. వాని చుట్టును అడవి తిరిగి పెరిగినది.