గ్రీన్ బే ప్యాకర్స్ రాత మార్చిన 1959

అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు గ్రీన్ బే ప్యాకర్స్ 1958లో ఆడిన 12 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచింది. పది ఓడి, ఒకటి డ్రా చేసుకుంది. మరుసటి ఏడాది హెడ్ కోచ్‌గా వచ్చిన విన్స్ లొంబార్డి క్రమశిక్షణకు పెద్దపీట వేశారు. ‘పవర్ స్వీప్’ ఎత్తుగడను పదేపదే సాధన చేయించారు. ఇందులో ఇద్దరు గార్డులు వరుస వదిలి పక్కకు పరుగెత్తి ప్రత్యర్థులను అడ్డుకుంటారు; బంతి అందుకున్న ఆటగాడు వారి వెనకే దూసుకెళ్తాడు.

తొలి మ్యాచ్‌లో షికాగో బేర్స్‌ను 9-6తో ఓడించిన జట్టు మొదటి మూడూ నెగ్గి, తర్వాత వరుసగా ఐదు ఓడింది. అయినా కుంగిపోలేదు. క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్ సారథ్యంలో చివరి నాలుగూ గెలిచి, 7-5తో సీజన్ ముగించింది. 1961లో లీగ్ విజేతగా నిలిచింది. నేడు సూపర్ బౌల్ విజేతలు అందుకునే ట్రోఫీ లొంబార్డి పేరిటే ఉంది.